పదికి పది నొప్పి

ఎమ్మిగనూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే ధనుంజయ మాస్టారికి పెళ్లి భోజనాల్లో జ్ఞానం కలగడం అలవాటు. ఈసారి కడపలో, వదినగారి మరిది కొడుకు పెళ్లిలో, సాంబారుకీ పెరుగుకీ మధ్య కలిగింది. పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి కూచున్నాడు. ఆయన పేరు ఈయన అడగలేదు, ఈయన పేరు ఆయన అడగలేదు.

“ఇప్పుడు ఉత్త మార్కులు ఎవరికి కావాలప్పా” అన్నాడాయన. “డాక్టరు చదివే పిల్లలకు రీసెర్చి ఉండల్ల, లీడర్‌షిప్ ఉండల్ల, సేవ ఉండల్ల, ఏదన్నా ఒక కళ ఉండల్ల. నాలుగూ ఉంటేనే పైకి పోతారు.”

ఆయన పిల్లలెవరూ డాక్టరు చదవడం లేదు. అందుకే అంత స్పష్టంగా చెప్పగలిగాడు.

మాస్టారు చెయ్యి కడుక్కునేదాకా కూడా ఆగకుండా ఎడమ చేత్తో కూతురికి ఫోన్ చేశాడు. మధులత కర్నూల్లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది.

“పాపా, నీకు ఏదన్నా కళ ఉండాదా?”

“ఏమైంది నాన్నా?”

“ఉండాదా లేదా చెప్పు. నాలుగిట్లో అదొకటంట.”

నిజానికి మధులతకు నాలుగూ ఉన్నాయి. అవి నాలుగని ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి ఇంట్లో తెలియలేదు. హాస్టల్ అమ్మాయిలను పోగేసి చెక్కభజన జట్టు పెట్టింది. జట్టుకు తనే నాయకురాలు. సెలవు రోజుల్లో ఆ జట్టు పల్లెలకు పోయి, చెక్కలు వాయిస్తూ రక్తహీనత గురించీ చేతులు కడుక్కోవడం గురించీ పాడుతుంది. అంటే కళ, నాయకత్వం, సేవ మూడూ ఒకే ఆటోలో వెళ్లి ఒకే ఆటోలో తిరిగొచ్చేవి.

ఆ చెక్కభజనే తల్లి శివలీలకు ఇన్నాళ్లూ మింగుడు పడలేదు. రెండు చేతుల్లో గలగలలాడే చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ, ఎగురుతూ, వంగి నేలను తడుతూ పాడే ఆట అది. పల్లెల్లో మగవాళ్లు ఆడతారు. శివలీల కూతురికి చిన్నప్పుడు కూచిపూడి నేర్పించింది. నేర్పించడం అంటే డ్రెస్సు కుట్టించి, నగలు అద్దెకు తెచ్చి, ఫోటో తీయించడం. ఆ ఫోటో హాల్లో ఇంకా ఉంది, వాళ్ల పెళ్లి ఫోటోకన్నా పెద్దది. కూచిపూడి ఫోటోలో చెమట కనపడదు, చెక్కభజనలో కనపడుతుంది. ఆమె అభ్యంతరం అంతే. భర్త కడప నుంచి ఆ నాలుగు సంగతులూ మోసుకొచ్చిన మర్నాటి నుంచి మాత్రం, “మా పాప జానపద కళల మీద పని చేస్తాండాది” అని చెప్పుకోసాగింది. పని అన్నాక చెమట పట్టినా మర్యాదే.

ఇక రీసెర్చి. అది మధులత అప్పటికే మొదలుపెట్టింది. దానికి కారణం తండ్రి కాదు, పక్కింటి ఆదెన్న.

వాళ్లుండేది నేతగాళ్ల కాలనీ. మాస్టారి తండ్రి దాకా అందరూ నేసినవాళ్లే. ఇప్పుడు సగం ఇళ్లలో మగ్గాలు, మిగతా సగం ఇళ్లలో మగ్గం ఉండిన చోట డైనింగ్ టేబుళ్లు. ఆదెన్నది మగ్గం ఇల్లు. గుంటమగ్గం అంటే నేలలో గుంట తీసి, కాళ్లు అందులోకి వదిలి, నడుం ముందుకు వంచి పొద్దుగూకేదాకా నెయ్యడం. ఆదెన్న మగ్గం మీంచి లేవడం మధులత చిన్నప్పటి నుంచీ చూస్తోంది. ముందు రెండు చేతులూ నేల మీద ఆనేవి. తర్వాత ఒక మోకాలు పైకొచ్చేది. తర్వాత చెయ్యి గోడను వెతికేది. తర్వాత కాసేపు ఏమీ జరిగేది కాదు. ఆ తర్వాత ఆదెన్న నిలబడి ఉండేవాడు. ఏమీ జరగని ఆ కాసేపట్లో ఏం జరుగుతుందో మెడిసిన్‌లో చేరాక ఆమెకు అర్థమైంది.

కాలేజీకి ఒక వ్యాన్ ఉంది. అందులో ఫిజియోథెరపీ చేసే మనిషి, వేడి కాపడం పెట్టే మిషన్లు, చాపలు ఉంటాయి. దాన్ని నెలనెలా తన కాలనీకి రప్పించాలని మధులత పట్టు. అది మునీంద్ర సార్ చేతుల్లో ఉంది. ఆయన కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసరు. ముఖంలో కండరాలు ఎన్నో చెప్పమని పిల్లలను అడుగుతాడు గానీ తనవి మాత్రం వాడడు.

“వ్యాన్‌కు నెలకు ఒక్క ఆదివారమే ఖాళీ” అన్నాడు సార్. “పత్తికొండ టమాటా మార్కెట్ హమాలీలు కూడా అడుగుతాండారు. మీ కాలనీలో నేసేవాళ్లకు, నేయనివాళ్లకన్నా నడుం నొప్పి ఎక్కువని చూపించు. చూపిస్తే వ్యాన్ మీకు. లేదంటే పత్తికొండకు.”

“ఎట్ల చూపించల్ల సార్?”

“అడుగు. సున్నా అంటే నొప్పి లేదు. పది అంటే ఓర్చుకోలేనంత. సున్నా నుంచి పది లోపల ఎంతో చెప్పమను. ప్రపంచమంతా అట్లనే అడుగుతాండారు.”

ప్రపంచం అప్పటికి ఎమ్మిగనూరు రాలేదు.

ఆదివారం పొద్దున మాస్టారు వరండాలో కుర్చీలు వేశాడు. ఒకరిది చూసి ఒకరు చెప్పకుండా మధ్యలో ఎడం వదిలాడు. శివలీల బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు చేసింది. నడుం నొప్పి ఉన్నవాళ్లందరూ బజ్జీల వాసనకు గబగబా నడుచుకుంటూ వచ్చారు.

బయటివాళ్లలో మొదట ఎదురింటి సుబ్బరత్నమ్మ. ఆమె భర్త తాలూకా ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. మగ్గం ముట్టి ఎరగదు.

“ఎంత అత్తా, సున్నా నుంచి పది లోపల?”

సుబ్బరత్నమ్మ కళ్లు మూసుకుని నడుమును సంప్రదించింది. “ఏడు.”

మధులత రాసుకుంది. సుబ్బరత్నమ్మ ఉగ్గాణి కోసం వంటింట్లోకి పోయింది. బజ్జీతో తిరిగొచ్చింది.

“పాపా, నాది ఎనిమిదిన్నర ఏసుకో.”

“ఇప్పుడే ఏడంటివి కదత్తా?”

“అప్పుడు మీ అమ్మది ఎనిమిదని నాకేం తెలుసు?”

“అరలు ఉండవత్తా.”

“అయితే తొమ్మిది ఏసెయ్. మళ్లీ మళ్లీ ఏం దిద్దుతావు, పాపం.”

వంటింట్లోంచి శివలీల అట్లకాడతోనే బయటికొచ్చింది. “ఎదురింటామెకు తొమ్మిది ఇచ్చి కన్నతల్లికి ఎనిమిది ఇచ్చినావా? నిన్ను చదివించింది ఎవరు, ఆమెనా?”

“నేను ఇచ్చేది కాదమ్మా. నువ్వే చెప్తివి.”

“అప్పుడు స్టవ్ దగ్గర ఉంటి. ధ్యాస లేదు. పది రాయి.”

ఆ వార్త వీధి చివరిదాకా పోయింది. తర్వాత వచ్చినవాళ్లెవరూ తొమ్మిదికి తగ్గలేదు. ఒకాయన తనకు నొప్పి ఆరేనని నిజాయితీగా చెప్పి, భార్య చూసిన చూపుకు అక్కడికక్కడే మూడు పెంచుకున్నాడు. ఒకావిడ తన కోడలికి ఎంత వచ్చిందో ముందు చెబితేనే తనది చెబుతానంది.

మధ్యాహ్నం కడప బస్సు దిగి పద్మశ్రీ వచ్చింది. ఆమె శివలీల అక్క. కడపలో వాళ్లకు బట్టల షోరూము ఉంది. చేతిలో పెద్ద కవరు. అందులో ఆమె నడుము ఎక్స్‌రేలు ఉన్నాయి. చాలామంది ఇళ్లలో పెళ్లి ఆల్బమ్ ఉన్నట్టు ఆమె దగ్గర అవి ఉంటాయి. చుట్టాలొస్తే కిటికీ వెలుగులో పట్టి ఒక్కొక్కటీ చూపిస్తుంది.

“పెద్దమ్మా, ఇది ఈ కాలనీ వాళ్లకే. నువ్వు కడప కదా?”

“నేను పుట్టింది యాడ? ఈ కాలనీలోనే కదా. నడుము ఈడనే తయారైంది.” పద్మశ్రీ కుర్చీలో సర్దుకుంది. “ఎంతకు?”

“ఏం ఎంతకు?”

“ఎంతకు పెట్టినావు పరీక్ష, నూటికా, యాభైకా?”

“పదికి.”

“అయితే పది. మన ఇంట్లో తక్కువ తెచ్చుకున్నోళ్లు ఎవరుండారు?”

సాయంత్రం మాస్టారు సగటు తీశాడు. తొమ్మిదిన్నర దాటింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ క్లాసులోనూ ఆయనకు అంత రాలేదు. కాసేపు ఆ కాగితాన్ని అలాగే పట్టుకుని కూచున్నాడు.

నేసేవాళ్లు వరండాకు రాలేదు. మధులతే మగ్గాల దగ్గరికి పోయింది.

“ఏం లేదు పాపా” అన్నాడు ఆదెన్న, మగ్గం ఆపకుండా.

“నిన్న లేసేటప్పుడు గోడ పట్టుకుంటివి కదా తాతా. నేను చూసినా.”

“గోడ పాతదైపాయ. పడతాదేమో అని పట్టుకుంటి.”

“పేరు రాయను తాతా. అంకె ఒక్కటే.”

“పేరు లేకున్నా నడుము నాదే కదా. ఆదెన్న నడుము పాయ అని నూలిచ్చే షావుకారు చెవిన పడితే, రేపు పడుగు ఇంకొకరి మగ్గానికి పోతాది. సున్నా రాసుకో. గుండ్రంగా బాగుంటాది.”

ప్రతి మగ్గం దగ్గరా అదే. అందరివీ సున్నాలు. ఒకాయన మొహమాటానికి ఒకటి అన్నాడు, మళ్లీ పిలిచి సున్నా చేయించుకున్నాడు.

కర్నూల్లో మునీంద్ర సార్ ఆ లెక్కలు చూశాడు. చాలాసేపు చూశాడు.

“మధులతా, దీన్ని బట్టి మగ్గం నేస్తే నడుం నొప్పి రాదు. ఉన్నది కూడా పోతాది. మన ఆసుపత్రిలో మంచాలు తీసేసి మగ్గాలు ఏయిద్దామా?”

“వాళ్లు అబద్ధం చెప్తాండారు సార్.”

“ఎవరు?”

“అందరూ సార్.”

“అందరిలో మీ అమ్మ ఉండాదా?”

“మొదలు పెట్టిందే ఆమె సార్.”

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన నవ్వడానికి అంత దగ్గరగా రావడం ఎవరూ చూడలేదు. “సరే. మాటలొద్దు. వచ్చే ఆదివారం నేనే వస్తా. మోకాళ్లు వంచకుండా నడుం వంచమందాం. వేళ్లు నేలకు ఎంత ఎత్తులో ఆగిపోతాయో టేపు పెట్టి కొలుద్దాం. నడుం అబద్ధం చెప్పదు. అప్పుడు కూడా ఇట్లనే వస్తే నేనేం చేయలేను.”

నడుము గురించి ఆయనకు తెలుసు. ఆ నడుములు ఎవరివో తెలియదు.

ఆదివారం సార్ కారులో వచ్చాడు. చెక్కభజన జట్టు కూడా వచ్చింది, కొలతలు రాయడానికి సాయంగా. వాళ్లతోపాటు కృపమణి వచ్చింది. ఆమె మధులత రూమ్‌మేట్, ఊరు రాయచోటి. జట్టులో డోలక్ ఆమెదే, గొంతూ ఆమెదే. ఆదివారం పొద్దున చర్చిలో పాడి, మధ్యాహ్నం రాముడి పాటలు పాడుతుంది. రెండుచోట్లా శ్రుతి తప్పదు.

మాస్టారు కాలనీ వాట్సాప్ గ్రూపులో ముందురోజే ‘రేపు టెస్ట్’ అని పెట్టాడు. దాంతో అందరూ సిద్ధపడి వచ్చారు. చీరల మీద నడుం బెల్టులు, చంకల్లో ఎక్స్‌రే కవర్లు. కడప నుంచి పద్మశ్రీ మళ్లీ దిగింది.

సుబ్బరత్నమ్మ మొదట వంగింది. గేటు దగ్గర ఎవరొచ్చారా అని చూసేటప్పుడు ఎంత వంగుతుందో అంతే వంగి ఆగింది. శివలీల అంత కూడా వంగలేదు. పద్మశ్రీ మెడ మాత్రం వంచింది.

“ఇంకొంచెం వంగండమ్మా” అన్నాడు సార్, టేపు పట్టుకుని.

“ఎట్ల వంగుతాను సార్?” అంది పద్మశ్రీ. “పోయిన వారం పది చెప్పినా. ఇప్పుడు వంగితే నా మాటకు విలువేముంటాది?”

సార్ కొలిచి రాసుకున్నాడు.

తర్వాత నేసేవాళ్లు. ప్రొఫెసరే వచ్చాడంటే రాకుండా ఉండలేకపోయారు. ఆదెన్న ముందుకొచ్చి, చొక్కా సర్దుకుని, గట్టిగా ఊపిరి పీల్చి బిగపట్టాడు. ఒక్క ఊపున వంగి నేలను ముట్టుకుని, ఒక్క ఊపున లేచాడు. పెదవులు తెల్లబడ్డాయి.

“ఏం లేదు సార్, చూడండి” అన్నాడు, కాసేపాగి.

అతని వెనక ఉన్నవాళ్లు కూడా అలాగే చేశారు. పీల్చడం, బిగపట్టడం, ముట్టడం. సార్ అన్నీ రాసుకుని కలం మూత పెట్టాడు. కారు వైపు చూశాడు. కారు పత్తికొండ వైపు తిరిగి ఉన్నట్టు మధులతకు కనిపించింది.

“సార్, ఉగ్గాణి తినకుండా పోతే ఎట్ల” అంది శివలీల, సార్‌కూ కారుకూ మధ్య నిలబడి. “మా పాప వాళ్ల ప్రోగ్రాం కూడా చూసిపోండి.”

“అందులో లీడర్‌షిప్ కూడా కనపడతాది సార్” అన్నాడు మాస్టారు.

మధులతకు ఏడుపొస్తోంది. లోపలికి పోయి గజ్జెలు చేతిలో పట్టుకుని మంచం మీద కూచుంది. కృపమణి వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

“నేను ఆడలేను కృపా. తాత మూతి చూసినావా, సున్నంలా అయిపాయ. అట్ల నొప్పి పెట్టుకోని, ఏం లేదంటాడు. వ్యాన్ పాయ.”

“పోతే పోయె. ఏడ్చేది బస్సులో ఏడుద్దాంలే, నేనూ తోడేడుస్తా. కాలు ఇటియ్యి.” కృపమణి గజ్జె కట్టేసింది.

వీధిలో జట్టు గుండ్రంగా నిలబడింది. మధ్యలో మధులత. కృపమణి డోలక్ మీద దెబ్బ వేసి ఎత్తుకుంది.

“పొద్దున్న లేసి పోగులు సర్దే మా రాముడు
సీతమ్మ చీర చాలకుంటే మళ్లీ నేసె మా రాముడు”

ఆ పాట జట్టు వాళ్లు ఎమ్మిగనూరు కోసమే కట్టుకున్నారు. ప్రతి చరణం చివరా గుండ్రంలో ఉన్న అందరూ నడుం వంచి చెక్కలతో నేలను రెండుసార్లు తట్టి లేవాలి. అలా తట్టినప్పుడు మట్టి లేచి, చెక్కలకున్న గజ్జెలు ఘల్లుమన్నాయి. గోడలవతల మగ్గాల చప్పుడు ఆగిపోయింది.

రెండో చరణానికి పద్మశ్రీ కాలు కదలడం మొదలైంది. మూడో చరణానికి ఆమె ఒక అమ్మాయి చేతుల్లోంచి చెక్కలు తీసేసుకుంది.

“ఇటియ్యమ్మా. మా కాలంలో ఆడపిల్లలకు ఇయ్యలేదు ఇవి. గోడెక్కి కూచోని చూసి నేర్చుకున్యా. మా నాయన కొట్టినా దిగలేదు.”

బెల్టు అడ్డమొచ్చింది. దాన్ని విప్పి, పక్కన ఎవరున్నారో చూడకుండా చేతిలో పెట్టి గుండ్రంలోకి పోయింది. పక్కనున్నది మునీంద్ర సార్. ఆయన బెల్టు పట్టుకుని నిలబడ్డాడు.

పద్మశ్రీ ఆడింది. మామూలుగా ఆడలేదు. నలభై ఏళ్లు గోడ మీదే ఉండిపోయిన అడుగులన్నీ ఒకేసారి దిగొచ్చినట్టు ఆడింది. చరణం చివర నడుం మడిచి, చెక్కలు నేలకు ఆనించి, ఎక్కడా పట్టుకోకుండా లేచింది. అది చూసి సుబ్బరత్నమ్మకు ఆగలేదు. ఆమె వెళ్లాక శివలీలకు ఆగలేదు. చెమట సంగతి ఆమె మరిచిపోయింది. మాస్టారు తాళం తప్పుతూనే దూరాడు. తొమ్మిదులూ పదులూ అన్నీ గుండ్రంలో చేరి, వంగి, నేలను తట్టి, లేచాయి.

నేసేవాళ్లూ వచ్చారు. ఈ పాటలంటే వాళ్లకు ప్రాణం. ఆదెన్న అందరికన్నా గట్టిగా పాడాడు, అందరికన్నా బాగా అడుగేశాడు. కానీ చరణం చివర గుండ్రమంతా కిందికి పోయినప్పుడు అతను పోలేదు. అతని పక్కవాడూ పోలేదు. అందరూ వంగిన ఆ క్షణంలో నేసేవాళ్లు మాత్రం, చేను కోసినాక మిగిలిన గుంజల్లా నిటారుగా నిలబడి పాడుతున్నారు.

మధ్యలో ఉన్న మధులత అది చూసి అడుగు తప్పింది. మళ్లీ అందుకుంది. ఊపిరి బిగపట్టి ఒకసారి వంగొచ్చు. పాడుతూ ఊపిరి బిగపట్టడం ఎవరి వల్లా కాదు.

“కృపా, ఆపొద్దు, ఇంకో చరణం” అంది.

మళ్లీ అందరూ వంగారు. మళ్లీ వాళ్లు నిలబడ్డారు. మధులత సార్ వైపు చూసింది. సార్ తల ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మెల్లగా తిరుగుతోంది. నిలబడ్డవాళ్లను చూస్తున్నాడు. బెల్టు చంకలో పెట్టుకుని కలం మూత తీశాడు.

“మళ్లీ పాడమ్మా” అన్నాడు కృపమణితో.

ఇంతలో పద్మశ్రీ ఆయన్ను చూసింది. ఇంత సంతోషంగా ఉన్నప్పుడు పక్కన ఒకరు ఊరికే నిలబడితే ఆమెకు నచ్చదు. “రండి సార్, చూసేదేముండాది” అని చెయ్యి పట్టుకుని లాగింది. సార్ కొంచెం గింజుకున్నాడు గానీ పద్మశ్రీ పట్టు నడుం నొప్పి ఉన్న మనిషి పట్టులా లేదు. ఎవరో చెక్కలు ఇచ్చారు. ఆయన గంభీరంగా, క్లాసులోకి వస్తున్నట్టే, అడుగులు వేశాడు. చరణం చివర అందరితో పాటు వంగాడు.

అందరూ లేచారు. సార్ లేవలేదు.

డోలక్ ఆగింది.

“సార్?” అంది మధులత.

“ఏం లేదు” అన్నాడు సార్, నేలను చూస్తూ.

ఆ మాట ఎలా వస్తుందో ఆ వీధిలో అందరికన్నా బాగా తెలిసినవాడు ఆదెన్న. మెల్లగా ముందుకొచ్చి సార్ పక్కన నిలబడ్డాడు. “కొంచెంసేపు ఉండండి సార్. ఏమీ చేయొద్దండి. అదే వదులుతాది.”

పద్మశ్రీ తన బెల్టు తీసుకుని సార్ నడుముకు కట్టింది. బట్టల షోరూము మనిషి కాబట్టి కొలత సరిగ్గా కుదిర్చింది.

“మధులతా” అన్నాడు సార్, వంగినట్టే ఉండి.

“సార్.”

“పద్ధతి మారుద్దాం. ఉత్తగా వంగమంటే కాదు. పాట పెట్టి, పాడతా వంగమనల్ల. ఎందుకో ముందే చెప్పి, ఒప్పుకున్నోళ్లనే కొలవల్ల. కొలిచేవాళ్లకు ఎవరు నేసేవాళ్లో, ఎవరు కాదో తెలియకూడదు.”

“కొలిచి చూపిస్తే వ్యాన్ వస్తాదా సార్?”

“ముందు నన్ను లేపమ్మా.”

“వస్తాదా సార్?”

“వస్తాది.”

మధులత అప్పుడు సార్ చెయ్యి అందుకుంది. లీడర్‌షిప్ అంటే ఏమిటో ఆ రోజే కళ్లారా చూశానని మాస్టారు తర్వాత స్టాఫ్ రూములో చెప్పాడు.

సార్ కారెక్కాక సుబ్బరత్నమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని పద్మశ్రీ వైపు తిరిగింది. “ఏం పద్మక్కా, పది అంటివి. అట్ల ఎగిరితివి.”

“నువ్వు తొమ్మిది కదా. పక్కనే ఎగురుతాంటివి.”

ఇద్దరూ ఆలోచించుకుని, ఈ సంగతి ఇంక ఎత్తకూడదని ఒప్పందానికి వచ్చారు.

తర్వాతి పని మధులత ఊహించినంత సులభంగా సాగలేదు. నేసేవాళ్లు ముందు ఒప్పుకోలేదు. మగ్గం దగ్గర కూచుని ఆమె ఆదెన్నకు అంతా చెప్పింది. ఏం కొలుస్తారో, ఎందుకో, ఎవరి పేరూ ఎక్కడా ఉండదని.

“షావుకారు?” అన్నాడు ఆదెన్న.

“తాతా, ఆ పొద్దు వీధిలో నేసేవాళ్లు ఒక్కరన్నా వంగిరా?”

ఆదెన్న మగ్గం ఆపాడు. ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. పక్క వీధి వాళ్లను కూడా తలుచుకున్నాడు. ముఖం మెల్లగా విప్పారింది.

“అందరికీ పోయిందా నడుము?”

“అందరికీ.”

“అయితే పడుగు తీస్కపోయి ఎవరికిస్తాడు వాడు?” ఆదెన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతుంటే నడుం పట్టేసింది. పట్టేసినా నవ్వాడు. “అబ్బా, పాపా, నొప్పిమ్మా” అన్నాడు నవ్వుతూనే. ఆ మాట అతని నోట వినడం మధులతకు అదే మొదలు. ఆమె రాసుకోలేదు. కూచుని తనూ నవ్వింది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ కాలనీలో పాటలే. కృపమణి పాడింది, జట్టు అమ్మాయిలు కళ్లెత్తకుండా వేళ్లనూ నేలనూ చూసి కొలిచారు. ఈసారి లెక్కలు చూసి మునీంద్ర సార్ మగ్గాల ప్రస్తావన తేలేదు. వ్యాన్ ఎమ్మిగనూరుకు రాసేశాడు. పత్తికొండ హమాలీలకు కూడా ఇంకో ఆదివారం ఎక్కడైనా దొరుకుతుందేమోనని తనే తిరగడం మొదలుపెట్టాడు. అలా తిరిగేటప్పుడు ఆయన కొంచెం పక్కకు ఒరిగి నడిచేవాడని విద్యార్థులు గమనించారు.

పద్మశ్రీ కడపలో ఆడవాళ్ల చెక్కభజన పెట్టింది. చేరాలనుకునేవాళ్లు ఎక్స్‌రే తేవాలి. అది చూసి ఆమె, “ఏం కాదు, వంగు” అంటుంది.

వ్యాన్ మొదటిసారి వచ్చిన రోజున కాలనీ కమ్యూనిటీ హాల్లో చాపలు పరిచారు. ఫిజియోథెరపీ చేసే భూపేష్ అనే కుర్రడాక్టరు వరసగా పడుకోమన్నాడు. ఆదెన్న మొదటి చాప మీద పడుకున్నాడు. అందరూ రమ్మన్నారు కాబట్టి వచ్చానని చెప్పాడు. రెండో చాప మీద మునీంద్ర సార్ పడుకున్నాడు. ఆయన పర్యవేక్షణకు వచ్చాడు. పర్యవేక్షణ పడుకుని కూడా చేయొచ్చని చెప్పాడు.

భూపేష్ ఇద్దరి నడుముల మీదా వేడి కాపడం పెట్టాడు. మధులత గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇద్దరూ బోర్లా పడుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

“మీకేం లేదు కదా సార్?” అన్నాడు ఆదెన్న.

“ఏం లేదు. నీకు?”

“నాకేముంటాది సార్.”

ఆదెన్న కళ్లు మూసుకున్నాడు.

“అప్పా డాక్టరూ” అన్నాడు. “ఇంకొంచెం కిందికి పెట్టప్పా.”

“నాక్కూడా ఆడనే” అన్నాడు సార్.